అక్క కాలికి నేను చేసిన సేవ

బాపట్లలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. పాతికేళ్ళు దాటింది. పొద్దున తెనాలిలో బండెక్కడం, సాయంత్రం తెనాలిలో దిగడం, ఇదే నా బతుకు. ఈ పాతికేళ్ళలో కండరాల పాఠం ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. పుస్తకం తెరవను, బొమ్మ చూడకుండా వేస్తాను. అంత బాగా తెలిసినదాన్ని కాబట్టే మా అక్క కుడికాలు ఈరోజు అలా ఉంది. ఏమీ తెలియని మనిషి చేతిలో పడి ఉంటే ఆ కాలు బాగుపడేదేమో.

మేం పుట్టింది కొలకలూరు. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మానాన్నలు తొందరగా పోయారు. అక్క నడుం వంచింది, నేను చదువుకున్నాను. అంతకంటే వివరంగా చెబితే ఏదో త్యాగం కథలాగా ఉంటుంది, అక్కకు అలాంటివి గిట్టవు. వేమూరు అవతల ఒక పల్లెలో దాన్ని ఇచ్చారు. పిల్లలు లేరు, భర్త పోయాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరికీ మిగిలింది ఇద్దరమే.

అక్క నాట్ల ముఠాకు మేస్త్రి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు దాని వెనక నడిచేవాళ్ళు. ఏ మడి ఎప్పుడు నాటాలి, నారు ముదిరిందా లేతగా ఉందా, ఎవరు ఏ కొస పట్టాలి, అన్నీ అదే చెప్పేది. మడిలోకి మొదట దిగేదీ అదే. దాని పిక్కలు రాయిలా ఉండేవి. చిన్నప్పుడు వాటిని వేలితో పొడిచి నవ్వేదాన్ని. కాలేజీలో ఉద్యోగం వచ్చాక ఆ పిక్కలు నాకు నవ్వు తెప్పించలేదు. అక్క చీరను కాస్త కిందికి కట్టుకుంటే బాగుండుననిపించేది.

ఉన్నమాట చెప్పుకోవాలి. అక్క కూలికి వెళ్ళడం నాకు నామోషీగా ఉండేది. ఒకసారి తెనాలిలో మా కాలేజీ వాళ్ళింట్లో పెళ్ళికి అక్కను వెంటబెట్టుకుని వెళ్ళాను. నా పట్టుచీరే కట్టించాను. భోజనాల దగ్గర ఒక రైతుగారి భార్య దూరం నుంచే దాన్ని గుర్తుపట్టింది.

"ఏమ్మా మేస్త్రీ, మా మూడెకరాలకి ఎప్పుడొస్తున్నావు?"

"మీ నారింకా లేతగుందమ్మా. పది రోజులాగండి," అంది అక్క, హాలంతా వినబడేట్టు.

దాని మొహం వెలిగిపోయింది. నా మొహం మాడిపోయింది. నా పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డ సహోద్యోగి ఒకాయన నవ్వి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు కదా మేడమ్, ఈ వయసులో ఇంకా ఎందుకండి ఆవిడకి?" అన్నాడు. ఆ సామెత చెప్పినవాడు ఎన్నడూ నాట్లు వేసి ఉండడు. ఎవరూ అడుసు తొక్కకపోతే ఆయన పళ్ళెంలోకి అన్నం ఎక్కడినుంచి వచ్చేదని అడగాల్సింది. అడగలేదు, ఆయనతోపాటు నేనూ నవ్వాను.

ఆ తర్వాత రెండేళ్ళకు, జూలైలో, నాట్లకు వెళ్తున్న ఆటో వేమూరు దగ్గర కాలవగట్టు మీద బోల్తా కొట్టింది. మిగతావాళ్ళకు గీతలు పడ్డాయి. అక్క చివర్లో కూర్చుని ఉంది, ఆటో పక్క కడ్డీ దాని కుడి తొడలో దిగింది. ఎముక విరగలేదు గానీ తొడ ముందువైపు కండ సగానికి సగం తెగింది. తెనాలి ఆసుపత్రిలో కుట్టారు. డాక్టరుగారు మూడు వారాలు జాగ్రత్తగా ఉండమని, ఆ తర్వాత మెల్లగా కదిలించడం మొదలుపెట్టమని చెప్పారు. ఇంట్లో ఎవరైనా చూసుకునేవాళ్ళు ఉన్నారా అని అడిగితే నేను ఉన్నానన్నాను.

మా ఇంటికి తీసుకొచ్చాను. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేయించాను, కొత్త పరుపు కొన్నాను. నేను కాలేజీకి వెళ్ళినప్పుడు చూసుకోవడానికి మా వీధిలో ఒకావిడను పెట్టాను. మంచం మీదికే టిఫిను, మంచం మీదికే అన్నం. మా చర్చి వాళ్ళు వారానికి రెండుసార్లు ప్రార్థనకు వచ్చేవాళ్ళు. అక్క లేచి కూర్చోబోతే అందరూ ఒక్క గొంతుతో వద్దనేవాళ్ళు. మావాళ్ళలో జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చి, ఆ మనిషి లేచి కూర్చుంటే చూసినట్టే ఉండదు. "తోబుట్టువంటే ఇలా ఉండాలి, అక్కని కాలు కింద పెట్టనివ్వట్లేదు," అని నా గురించి చెప్పుకున్నారు. ఆ మాట నా చెవిన పడింది, తియ్యగానే ఉంది.

మూడు వారాలయ్యాక ఫిజియోథెరపీ ఆవిడ వచ్చింది. ఆవిడది రేపల్లె, రోజూ బండిలో తెనాలి వచ్చి ఇంటింటికీ తిరిగేది. మొహమాటం లేని మనిషి. అక్కను మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టింది.

"చేత్తో ఊతం తీసుకోకుండా లేవాలమ్మా. మళ్ళీ కూర్చోవాలి. పూటకి పదిసార్లు. నొప్పొస్తే కాసేపు ఆగండి, అంతేగానీ మానొద్దు."

తర్వాత నా వైపు తిరిగి, "కండ దానంతటది రాదండి మేడమ్, పని చెప్తేనే వస్తది," అంది.

నాకా చెబుతావు అనుకున్నాను లోపల. అక్క నాలుగుసార్లు లేచింది. అయిదోసారికి పెదవి కొరుక్కుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ వెళ్ళగానే నేను అక్కతో, అంత నొప్పిగా ఉంటే చెయ్యొద్దన్నాను. ఆవిడ మరో మూడుసార్లు వచ్చింది. తర్వాత నేనే ఫోను చేసి, అక్కకు బాగానే ఉంది, ఇంక రానవసరం లేదని చెప్పాను. ఆవిడ, "మీ ఇష్టమండి," అని పెట్టేసింది.

అక్క నొప్పి చూడలేక ఆపేశానని అప్పుడు నన్ను నేను నమ్మించుకున్నాను. కొంత నిజమే. కొంత మాత్రమే.

సెప్టెంబరులో అనుకుంటాను, మేడమీద అద్దెకుండే ఆవిడ నేను గేటు తీస్తుంటే పిలిచి, "మీ అక్కగారు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడుతున్నారండి, మధ్యాన్నాలు, మీరు పెట్టిన మనిషి పడుకున్నప్పుడు. లెక్కపెట్టుకుంటున్నారు కూడా," అంది. మంచి వార్త చెబుతున్నట్టే చెప్పింది. నేను లోపలికి వెళ్ళి అక్కను చీవాట్లు పెట్టాను. పడితే ఎవరు దిక్కన్నాను. నీకేం తక్కువ చేశానన్నాను. ఆ మనిషిని కూడా నాలుగు తిట్టి, మధ్యాహ్నం పడుకోవద్దని చెప్పాను. నా ఇంట్లో నా అన్నం తింటూ నాకు ఎదురు చెప్పడం దానికి చేతకాలేదు. నన్ను పెంచినన్నాళ్ళూ నేను దానికి ఎదురు చెబుతూనే ఉన్నానని నాకు గుర్తు రాలేదు.

నవంబరులో కృతజ్ఞత కూడిక పెట్టాను. చర్చి వాళ్ళందరినీ పిలిచి, బిర్యానీ వండించాను. అక్కను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొచ్చి ముందు వరుసలో పెట్టారు. నేను లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు మా అక్కను లేవనెత్తాడని చెప్పాను. కుర్చీలో మోసుకొచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని ఆ మాట ఎలా అన్నానో నాకు తెలియదు. విన్నవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు, అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు అయ్యగారు అక్కను కూడా రెండు మాటలు చెప్పమన్నారు.

"నిలబడి చెప్తానండి," అంది అక్క.

రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి లేవబోయింది. నేను దాని భుజం మీద చెయ్యి వేసి, "కూర్చునే చెప్పక్కా," అన్నాను. చెయ్యి ఊరికే వెయ్యలేదు, నొక్కాను. అది కూర్చుండిపోయింది. కూర్చునే దేవునికి వందనాలు చెప్పింది. ఆ నొక్కడం ఇప్పటికీ నా అరచేతికి తెలుస్తూనే ఉంది.

మా కాలేజీలో పిల్లల కోసం పాఠాలు ఫోనులో రికార్డు చేసి పంపమంటారు. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నా గదిలో బల్ల మీద ఫోను నిలబెట్టి కండరాల పాఠం చెప్పాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు. అక్క ముందు గదిలో పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను.

ఆ రోజు ఎప్పటికంటే బాగా చెప్పాను. పెద్దయ్యాక కండర పోగు తనంతట తాను రెండుగా చీలి పెరగలేదని మొదలుపెట్టాను. మరి తెగిన కండ ఎలా అతుక్కుంటుంది? ఒక్కో పోగును అంటిపెట్టుకుని, దాని పైపొర కింద కొన్ని చిన్న కణాలు పడుకుని ఉంటాయి. శాటిలైట్ సెల్స్ అంటాం. కండరానికి అవే మూలకణాలు. మామూలు రోజుల్లో వాటికి పనిలేదు. కండ తెగిందంటే నిద్రలేస్తాయి, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వాటిలో ఎక్కువభాగం తెగిన పోగుల్లో కలిసి కొత్త కండ అవుతాయి. కొన్ని మాత్రం కలవవు, వెనక్కి తిరిగి తమ చోటికి వెళ్ళి మళ్ళీ పడుకుంటాయి. పంటంతా తినెయ్యకుండా విత్తనాలకు వడ్లు తీసి పెట్టుకున్నట్టు, తర్వాతి గాయం కోసం. అందుకే కండ ఒక్కసారి కాదు, జీవితంలో ఎన్నిసార్లయినా బాగుపడగలదు.

ఆ తర్వాత, పిల్లలు మరిచిపోకూడదని, గొంతు పెంచి నిదానంగా చెప్పాను. కణాలు నిద్రలేస్తే చాలదు. కాలు ఆడాలి, బరువు కొద్దికొద్దిగా పడాలి. అప్పుడే కొత్త పోగులు లాగే వైపుకు వరుసగా అమరతాయి. కదలకుండా మంచాన పెడితే ఉన్న పోగులు సన్నబడతాయి, తెగినచోట కండకు బదులు మచ్చ, కొవ్వు చేరతాయి. వయసు మీదపడినవాళ్ళలో ఆ కణాలు అసలే ఆలస్యంగా లేస్తాయి, వాళ్ళ విషయంలో రోజులు పోనివ్వకూడదు. ఇంతవరకు చెప్పి ఫోను ఆపాను. మంచి పాఠం చెప్పిన తృప్తితో టీ పెట్టుకున్నాను, అక్కకు కూడా ఇచ్చాను. అది తాగింది.

సోమవారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే పిలిచింది.

"నిన్న ఆ ఫోనుకి చెప్పావే, నిజమేనా?"

"ఏంటది?"

"కండ తెగితే లోపల ఏవో లేస్తయ్యంటగా. కాలాడిస్తేనే వరసలో నిలబడతయ్యంట."

"నిజమే."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"పాతికేళ్ళ నుంచి చెబుతున్నాను," అన్నాను. ఆలోచించకుండా, పంతులమ్మ గర్వంతో వచ్చిన మాట అది.

"మరి నాకు చెప్పలేదేంటే?"

నీ నొప్పి చూడలేక అన్నాను.

"నొప్పి నాది గదా," అంది అక్క.

నాకు దారి మిగల్లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, కాలు బాగైతే నువ్వు మళ్ళీ నాట్లకు పోతావని చెప్పలేదన్నాను. నువ్వు నా దగ్గర దర్జాగా ఉండాలనుకున్నానన్నాను. దర్జా అన్న మాట నా నోట్లోంచి వస్తున్నప్పుడే రోతగా వినబడింది. అక్క నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తిట్టలేదు.

"నీ బండికి టైమయ్యింది, పో," అంది.

బాపట్ల దాకా కిటికీ పక్కన కూర్చుని వెళ్ళాను. ఎవరైనా అనుకునేట్టు పశ్చాత్తాపం కాదు, ముందు కోపం వచ్చింది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. పరుపు గుర్తొచ్చింది, పెట్టిన మనిషి గుర్తొచ్చింది, బిర్యానీ గుర్తొచ్చింది. నిడుబ్రోలు దాటాక గానీ సిగ్గు రాలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ ఉంది. కాపలా మనిషి పక్కన నిలబడి లెక్కపెడుతోంది. నేను రేపల్లె ఆవిడకు ఫోను చేశాను. వస్తుందో రాదో అనుకున్నాను, వచ్చింది. అక్క తొడ మీద వేళ్ళతో నొక్కి నొక్కి చూసింది. టేపు పెట్టి కొలిస్తే ఎడమ తొడకంటే కుడి తొడ రెండంగుళాలు సన్నంగా ఉంది.

"మచ్చ గట్టిపడిపోయిందండి. అప్పుడే చేసుంటే చాలావరకు వచ్చేది. ఇప్పుడు ఎంతొస్తే అంత."

చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళను నేను జీవితమంతా ఎగతాళి చేశాను. ఆవిడను గేటు దాకా సాగనంపుతూ, ఎక్కడో మూలకణాల ఇంజెక్షన్లు ఇస్తారంటున్నారు, ఏమన్నా ఉపయోగం ఉంటుందా అని అడిగాను. ఆవిడ గేటు తీయబోతున్నదల్లా ఆగింది.

"ఆవిడ కాల్లో ఉన్నవాటిని జోకొట్టి పడుకోబెట్టింది మీరేనండి. ఇప్పుడు బయట్నించి తెస్తారా?"

గేటు వేసి లోపలికి వచ్చాను. ఆ రోజు నుంచి అక్క ఒక్క పూట మానలేదు. నేను ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చేలోపు కూడా రెండు విడతలు చేసేది. ముందు కర్ర పట్టుకుని నడిచింది, మార్చికి అదీ వదిలేసింది. ఏప్రిల్లో చెయ్యి పట్టుకుని మేడ మెట్లు ఎక్కింది. మే నెలలో ఒక్కతే బజారుకు వెళ్ళి మామిడికాయలు తెచ్చి ఆవకాయ పెట్టింది. కొద్దిగా కుంటు మిగిలింది. నాతో మామూలుగానే మాట్లాడేది, కాలు సంగతి తప్ప అన్నీ మాట్లాడేది. కాలవలకు నీళ్ళొచ్చి నాట్లు మొదలయ్యాయని తెలిసిన రోజు దాని సంచీ అది సర్దుకుంది.

నేనూ వెంట వెళ్ళాను. రేపల్లె బండిలో వేమూరు దాకా, అక్కడినుంచి ఆటోలో. పొలానికి పొద్దున్నే చేరాం. దమ్ము చేసిన మడి, గట్టు మీద నారు కట్టలు. ముఠా ఆడవాళ్ళు అక్కను చుట్టుకుని, బుగ్గలు పుణికి, "ఏం మేస్త్రీ, దొరసానివైపోయావంట," అని ఆటపట్టించారు. ఏడాదిగా దాని బదులు ముందు కొస పడుతున్న ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. అక్క చీర ఎగదోపి దిగింది. ఎడమకాలు, తర్వాత కుడికాలు. పిడికెడు నారు తీసుకుని వంగి నాటింది. దాని చెయ్యి చూస్తే మధ్యలో ఏడాది పోయినట్టే లేదు. గట్టు మీద నిలబడి నేను దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

నాట్లలో వెనక్కి అడుగు వెయ్యాలి. అక్క ఎడమకాలు తీసి వెనక్కి వేసింది. కుడికాలు రాలేదు. మోకాలి లోతు బురద, దాన్నుంచి కాలు పెరకాలంటే తొడ బలం కావాలి, అది లేదు. మళ్ళీ లాగింది. రెండు చేతులూ తొడ కింద పెట్టి పైకి ఎత్తింది. పక్కవాళ్ళు రెండు బారలు వెనక్కి వెళ్ళిపోయారు, అక్క ముందే నిలబడిపోయింది. ఎవరినీ పిలవలేదు. వాళ్ళే చూసుకుని ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేసి ఎత్తి, గట్టు మీద కూర్చోబెట్టి, మళ్ళీ వరుసలోకి వెళ్ళిపోయారు. పని ఆగదు కదా. ముందు కొస మళ్ళీ ఆ రెండో ఆవిడే పట్టింది.

అంతసేపూ నేను ఏం చేశానంటే, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

చాలాసేపు అక్క వాళ్ళనే చూస్తూ కూర్చుంది. కాళ్ళ మీద బురద ఎండి తెల్లబడుతోంది. వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.

"అక్కా, మనింటికి పోదాం పద. నేను చూసుకుంటాను."

"ఏ ఇంటికి?"

"తెనాలికే."

అక్క ఎడమకాలు చాపుకుని, ఆ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. దాని గొంతులో కోపం లేదు.

"వద్దులేవే. అక్కడుంటే ఇది కూడా పోద్ది," అంది.

ఆ సాయంత్రం తెనాలి బండి నేనొక్కదాన్నే ఎక్కాను.